తుపాను బిల్డింగు తాళం ఎవరి దగ్గరుంది?

ఎరీనా అనగానే మీకేం గుర్తొస్తుంది? కళ్లు చెదిరే లైట్లు, డీజే, వేల సీట్లు, గేటు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే కుర్రాళ్లు. ఏదో సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్ కళ్లముందు కదులుతుంది కదా! మూలపేట నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న మా తీరంలో అలాంటివేం లేవు. పెద్ద ఆటల పోటీ చూడాలంటే శ్రీకాకుళమో విశాఖో బస్సెక్కాల్సిందే.

అయితే ప్రభుత్వ డబ్బుతో కట్టిన పెద్ద హాలు, పది పనులకు పనికొచ్చే హాలు, మా తీరంలో చాలా ఊళ్లకు అందుబాటులో ఉంది. ఎత్తయిన కాంక్రీటు స్తంభాల మీద నిలబడి, సముద్రం వైపు చూస్తున్నట్టు ఉంటుంది. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ‘బహుళ ప్రయోజన తుపాను రక్షిత భవనం’. మా ఊళ్లలో అయితే ‘తుపాను బిల్డింగు’.

పేరులోనే ‘బహుళ ప్రయోజన’ అని ఉంది చూశారా? నాకు ఈ కథంతా ఆ రెండు మాటల్లోనే ఉన్నట్టనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

హ్యూస్టన్‌లో ఏం చేశారంటే...

అమెరికాలో మన జిల్లాలాంటి పాలనా విభాగాన్ని కౌంటీ అంటారు. చాలా కౌంటీలకు సొంత ఎరీనాలు, కన్వెన్షన్ సెంటర్లు ఉన్నాయి. మన తెలుగువాళ్లు బోలెడంత మంది ఉండే హ్యూస్టన్ నగరం హ్యారిస్ కౌంటీలో ఉంది. అక్కడి ఆస్ట్రోడోమ్ అనే స్టేడియం ఆ కౌంటీదే. 1965లో తెరిచారు. పైన మూత ఉన్న అంత పెద్ద స్టేడియం ప్రపంచంలో అదే మొదటిది.

2005లో కత్రినా హరికేన్ న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచేసినప్పుడు, అక్కడి నుంచి బస్సుల్లో తెచ్చిన వేలాది మందికి ఆస్ట్రోడోమ్‌లో మంచాలు వేశారు. ఆటలాడిన నేల మీదే వరసగా పడకలు, వైద్యశిబిరం, భోజనాలు. 2017లో హార్వే వచ్చినప్పుడు దాని పక్కనే ఉన్న కన్వెన్షన్ సెంటర్‌ని కూడా ఇలాగే తెరిచారు. అది కూడా కౌంటీదే. మామూలు రోజుల్లో ఎగ్జిబిషన్లు, సదస్సులు జరిగే చోటు అది.

అదే కత్రినాలో ఇంకో కథ కూడా ఉంది. న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్ స్టేడియంలోకి వేలాది మంది వెళ్లారు. గాలికి పైకప్పు ముక్కలు లేచిపోయాయి. కరెంటు పోయింది. టాయిలెట్లు పనిచేయలేదు. ఆ వేడిలో, ఆ వాసనలో రోజుల తరబడి జనం నరకం చూశారు. బిల్డింగ్ ఎంత పెద్దదైనా నీళ్లు, కరెంటు, బాత్రూములు, చూసుకునే మనుషులు లేకపోతే ఏమవుతుందో ప్రపంచమంతా టీవీల్లో చూసింది.

అంటే అమెరికాలో ఆటలకీ సదస్సులకీ కట్టినవి తుపానప్పుడు షెల్టర్లయ్యాయి. మన దగ్గర తుపాను కోసమే కట్టాం, మిగతా రోజుల్లో వాటితో ఏం చేయాలన్నది మనం తేల్చుకోవాలి.

వాటిని ఎందుకు కట్టారు?

1977 నవంబరు 19. మన తాతల తరానికి ఈ తేదీ చెప్తే చాలు, దివిసీమ అంటారు. కృష్ణా జిల్లా తీరాన్ని ఉప్పెన ఊడ్చేసింది. పది వేల మందికి పైగా చనిపోయారు. పరిగెత్తడానికి ఎత్తయిన చోటు లేక, గట్టి కప్పు లేక పోయిన ప్రాణాలే ఎక్కువ. ఆ తర్వాతే ఆంధ్ర తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టడం ఊపందుకుంది.

1990 మేలో మరో తుపాను వచ్చింది. 1977 నాటిదానికి తీసిపోనిదే. ఈసారి ముందే హెచ్చరించారు, లక్షల మందిని తరలించారు. అప్పటికి చాలా ఊళ్లలో షెల్టర్లు ఉన్నాయి. అయినా సుమారు వెయ్యి మంది చనిపోయారు. అది చిన్న సంఖ్యేం కాదు. కానీ పదమూడేళ్ల కిందటి పది వేల పక్కన పెట్టి చూడండి.

2011 నుంచి కేంద్రం ప్రపంచ బ్యాంకు సాయంతో జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం మొదలుపెట్టింది. మొదటి దశలో తీసుకున్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, ఒడిశా. కొత్త షెల్టర్లు, వాటికి వెళ్లే రోడ్లు, వంతెనలు ఆ పథకంలో వచ్చాయి. 2013 అక్టోబరు 12న పైలీన్ తుపాను మా పక్కనే గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. రెండు రాష్ట్రాల్లో కలిపి దాదాపు పది లక్షల మందిని ముందే కదిలించారు. అంత భీకరమైన తుపానులోనూ చనిపోయినవాళ్లు వంద లోపే.

ఈ బిల్డింగుల కట్టడంలోనే ఒక తెలివి ఉంది. కింద గోడలు లేకుండా వట్టి స్తంభాలే ఉంటాయి. ఉప్పెన వస్తే నీళ్లు వాటి మధ్య నుంచి పోతాయి, బిల్డింగుని నెట్టవు. పైన హాలు. ముసలివాళ్లు, నడవలేనివాళ్లు ఎక్కడానికి చాలా చోట్ల ర్యాంపు. మరీ అవసరమైతే నిలబడటానికి డాబా. హాలుతో పాటు బాత్రూములు, నీళ్ల ట్యాంకు, జనరేటరు. మామూలు రోజుల్లో బడిగానో అంగన్‌వాడీగానో ఊరి హాలుగానో వాడుకోవాలన్నది మొదటి నుంచీ ఉన్న ఆలోచనే. అందుకే ‘బహుళ ప్రయోజన’.

తిత్లీ రాత్రి మేం చూసింది

తిత్లీ అంటే హిందీ, ఉర్దూల్లో సీతాకోకచిలుక. ఆ పేరు ఇచ్చింది పాకిస్థాన్. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాసకు దగ్గరలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165.

నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. ముందురోజు సాయంత్రం ఆటోకి మైకు కట్టి చెప్పారు, అందరూ తుపాను బిల్డింగులోకి వచ్చేయండని. అమ్మ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు పాలిథిన్ కవర్లో చుట్టింది. మా మామ్మ మాత్రం కదలనంది.

“ఆ మేడలోకి నానెప్పుడూ ఎల్నేదు. నీళ్లున్నాయో నేదో, సీకట్లో ఎవురెవురుంటారో! నా ఇంట్లోనే ఉంటాను” అంది.

మామ్మకి తుపానంటే భయం లేదనుకోకండి, మాకంటే ఎక్కువ తుపాన్లు చూసిన మనిషి. ఇంటికి నాలుగు వందల అడుగుల దూరంలో ఉన్న ఆ బిల్డింగులో ఆవిడ ఏనాడూ అడుగుపెట్టలేదు, అంతే. మెట్లెన్ని ఉన్నాయో తెలీదు, కూర్చోవడానికి చోటెక్కడో తెలీదు. పెళ్లికో మీటింగుకో మందుల శిబిరానికో ఒక్కసారైనా పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. తెలియని చోటుకి అర్ధరాత్రి రమ్మంటే ఎవరైనా తటపటాయిస్తారు.

చివరికి ఇద్దరం చెరో చేయీ పట్టుకుని తీసుకెళ్లాం. అక్కడికెళ్తే తాళం! అది ఎవరింట్లో ఉందో కనుక్కుని తెచ్చేసరికి అరగంట పట్టింది. వానలో పిల్లలతో స్తంభాల కింద నిలబడ్డాం. లోపల దుమ్ము, ఒక మూల విరిగిన బల్లలు. బాత్రూమ్ తలుపు ఊడిపోయి ఉంది, ట్యాంకులో నీళ్లు లేవు.

ఆ రాత్రి హాల్లో ఆడవాళ్లెవరూ మంచినీళ్లు తాగలేదు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదనుకుంటా. మగపిల్లలం డాబా మెట్ల దగ్గర కూర్చుని జోకులు వేసుకున్నాం. మా అమ్మ, చెల్లి, మామ్మ గొంతు ఎండిపోతున్నా తెల్లారేదాకా అలాగే కూర్చున్నారు.

తెల్లారాక చూస్తే కొబ్బరి తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడిపోయి ఉన్నాయి. మా రేకుల ఇంటికి సగం రేకులు లేవు. మేం ఇంట్లోనే ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. ఆ బిల్డింగు మమ్మల్ని కాపాడింది, అందులో డౌటే లేదు. కానీ దాన్ని ఇంకా బాగా ఉంచుకునే అవకాశం మాకుంది, ఏడాదంతా.

మగవాళ్లు ఊళ్లో ఉండరు

‘తండేల్’ సినిమా చూశారుగా? ఆ కథకి మూలం మా జిల్లాదే. మత్స్యలేశం నుంచి గుజరాత్‌కి వేటకెళ్లిన మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్థాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో ఇంటికొచ్చారు. అంటే తిత్లీ వచ్చి వెళ్లిన మరుసటి నెలే అది జరిగింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మా వాళ్లు గుజరాత్‌లోని వీరావల్‌కి బోట్లెక్కడానికి వానాకాలంలో వెళ్తారు, వేసవి ముందు తిరిగొస్తారు. ఇంకొందరు చెన్నై, పారాదీప్ వెళ్తారు. మరి మా తీరాన్ని కొట్టిన పెద్ద తుపాన్లు ఎప్పుడొచ్చాయి? పైలీన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. తుపాను వచ్చే నెలలోనే చాలా ఇళ్లలో మగవాళ్లు ఉండరన్నమాట! ఇంట్లో ఉండేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు.

కాబట్టి షెల్టరు వాళ్లకు సరిపోయేలా ఉండాలి. ఆడవాళ్లకు గడియ పడే బాత్రూమ్ ఉండాలి. ర్యాంపు మీద వలలు, సామాను అడ్డం పెట్టకూడదు. పసిపిల్లల తల్లులకు ఒక మూల పరదా కట్టాలి. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

ఉద్దానానికి ఇంకో లెక్క

ఉద్దానం అనగానే బయటివాళ్లకు రెండే గుర్తొస్తాయి. ఒకటి కొబ్బరి, జీడి తోటలు. రెండోది కిడ్నీ జబ్బు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది. మా ఊళ్లలో డయాలసిస్‌కి వారానికి రెండుమూడుసార్లు వెళ్లేవాళ్లు ఉన్నారు.

తిత్లీ తర్వాత వేల కరెంటు స్తంభాలు పడిపోయాయి. రోడ్ల మీద కొబ్బరి, జీడి చెట్లు అడ్డంగా పడ్డాయి. కరెంటు లేకపోతే మంచినీళ్ల మోటారు తిరగదు, ఫోన్ ఛార్జింగ్ ఉండదు, అంబులెన్స్‌కి ఫోన్ కలవదు. మామూలు మనిషి రెండు రోజులు ఎలాగో సర్దుకుంటాడు. డయాలసిస్ మీదున్న మనిషికి రెండు రోజులు అంటే చాలా ఎక్కువ.

అందుకే నాకనిపిస్తుంది, మా వైపు ప్రతి తుపాను బిల్డింగులో ఒక జాబితా ఉండాలని. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఎవరు, ఏ రోజు వెళ్తారు, నెలలు నిండిన గర్భిణులు ఎవరు, మంచం దిగలేనివాళ్లు ఎవరు అని. హెచ్చరిక రాగానే వీళ్లను షెల్టరుకి కాకుండా ముందే ఆస్పత్రికి దగ్గరగా చేర్చొచ్చు. ఆశా అక్కలకు ఈ వివరాలు ఇప్పటికే చాలావరకు తెలుసు. తుపాను రాత్రి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే ఆ పేర్లు కూడా అందులోనే ఉండిపోతాయి. హాల్లో గోడ మీద కాగితం మాత్రం కనబడుతూనే ఉంటుంది.

మూలపేటలో మారుతున్న మ్యాపు

సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు పనులకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మొదట భావనపాడు పోర్టు అనేవాళ్లు, తర్వాత మూలపేట పోర్టు అయింది. మూలపేట, విష్ణుచక్రం గ్రామాల వాళ్లకు నౌపడ వైపు పునరావాస కాలనీ అనుకున్నారు. పోర్టు గురించి పేపర్లలో చాలా వస్తుంది. ఉద్యోగాలు, భూములు, పరిహారం అన్నీ మాట్లాడుకోవాల్సినవే. నేను మాత్రం ఇంకో చిన్న ప్రశ్న అడుగుతాను.

ఊరు కదిలితే ఆ ఊరి షెల్టరు సంగతేంటి? కొత్త కాలనీకి అన్నిటికంటే దగ్గరి గట్టి హాలు ఏది? దారి పల్లంలో ఉందా, నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి వెళ్తుందా? పోర్టు వస్తే వేరే రాష్ట్రాల నుంచి వందల మంది కూలీలు వస్తారు. రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్లకు తెలుగు రాదు, మన ఊరి బిల్డింగు ఎక్కడుందో తెలీదు. మైకులో తెలుగులో చెప్పే హెచ్చరిక వాళ్లకు అర్థమవుతుందా? ఇవన్నీ కొత్త కాలనీ ప్లాన్ గీసేటప్పుడే అడగాల్సిన ప్రశ్నలు.

తాళం వేస్తే పాడైపోతుంది

ఒక బిల్డింగుని జాగ్రత్తగా ఉంచాలంటే తాళం వేయాలని చాలామంది అనుకుంటారు. ఉప్పుగాలి ఉన్న చోట ఇది పనిచేయదు. సముద్రపు గాలికి స్లాబులో ఇనుప ఊచలు తుప్పు పడతాయి. తుప్పు ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది. రోజూ మనుషులు తిరిగే హాల్లో ఈ పగుళ్లు మొదట్లోనే కనబడతాయి. మూసిన హాల్లో ఎవరికీ కనబడవు. కిటికీ విరిగినా, పైపు కారినా అంతే.

వాడుకోవడానికి పనులు లేవా? మా వైపు కుర్రాళ్లు కానిస్టేబుల్ పోస్టులకి, ఆర్మీకి, గ్రూప్స్‌కి చదువుతారు. ఇంట్లో చదువుకునే చోటు ఉండదు. సాయంత్రం హాల్లో రెండు ట్యూబులైట్లు, నాలుగు బల్లలు చాలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి పుట్టింది మా జిల్లాలోని ఊసవానిపేటలోనే. ఈ జిల్లాకి వెయిట్‌లిఫ్టింగ్, కబడ్డీ కొత్త కాదు. కొందరమ్మాయిలు ప్రాక్టీస్‌కి చోటు లేకే ఆపేస్తారు, హాలుంటే కొనసాగిస్తారు. డ్వాక్రా మీటింగు, కంటి పరీక్షల శిబిరం, పేదింటి పెళ్లి, ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో మరమ్మతుల శిక్షణ, ఎన్ని చెప్పను!

పెళ్లికి వెయ్యో రెండు వేలో అద్దె తీసుకుంటే బల్బులు, గడియలు, ట్యాంకు కడగడం అక్కడి నుంచే వచ్చేస్తాయి. షరతు ఒక్కటే ఉండాలి. భారత వాతావరణ శాఖ తుపాను అలర్ట్ ఇచ్చిందంటే ఏ బుకింగ్ ఉన్నా రద్దు, హాలు ఖాళీ చేయాలి.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్‌లో అక్కడ సుమారు పది వేల మంది చనిపోయారు. ఆ దెబ్బతో వాళ్లు తీరమంతా వందల షెల్టర్లు కట్టారు. చాలావాటిని బడి ఆవరణల్లోనే కట్టారు. ఒక్కో దానికి ఊరివాళ్లతోనే కమిటీ వేశారు. కుర్రాళ్లకు, అమ్మాయిలకు ప్రథమ చికిత్స, రక్షణ పనుల్లో శిక్షణ ఇచ్చారు. వానలకు ముందు మాక్ డ్రిల్ చేస్తారు. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గర తీరం దాటేలోపు పది లక్షల మందికి పైగా జనం ఇళ్లు వదిలి వెళ్లారు. పిల్లలు రోజూ చదువుకునే బిల్డింగుకి వాళ్ల అమ్మానాన్నలు వెళ్లడానికి పెద్దగా ఆలోచించరు. మా మామ్మకి లేని సౌకర్యం అదే.

మీ ఫోన్‌తో పాటు ఇవి కూడా

మన ఫోన్లలో ఇప్పుడు హెచ్చరికలకు కొదవ లేదు. 2023లో ఒకరోజు అందరి ఫోన్లూ ఒక్కసారిగా కుయ్‌మని అరిచాయి, గుర్తుందా? అది ప్రభుత్వ టెస్ట్ అలర్ట్. ఎన్‌డీఎంఏ వాళ్ల ‘సచేత్’ యాప్, వాతావరణ శాఖ ‘మౌసమ్’ యాప్ కూడా ఉన్నాయి. తీరానికి తుపాను ముప్పుంటే వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తుంది. ఎల్లో, ఆరెంజ్, రెడ్ రంగులు చూస్తూ ఉంటాం. కబురు ముందే అందుతోంది. అందాక వెళ్లే చోటు సిద్ధంగా ఉందా అన్నదే చూసుకోవాలి.

మీది తీరం ఊరైతే ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. ఇద్దరు ఫ్రెండ్స్‌ని తీసుకుని మీ తుపాను బిల్డింగుకి వెళ్లి ఈ ఐదూ చూడండి.

1. తాళం ఎవరి దగ్గరుంది? రెండో తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉందా? ఆ రెండు ఫోన్ నంబర్లు తలుపు మీద రాసి ఉన్నాయా?

2. బాత్రూముల్లో నీళ్లు వస్తున్నాయా? ఆడవాళ్ల వైపు తలుపుకి లోపల గడియ పడుతుందా?

3. జనరేటరు ఉంటే స్టార్ట్ అవుతుందా? డీజిల్ ఎవరు తెస్తారు?

4. ర్యాంపు మీద అడ్డాలు ఉన్నాయా? స్లాబు పెచ్చులూడుతోందా? ఊడుతుంటే ఫొటో తీయండి, తేదీ వేయండి.

5. ఊళ్లో సాయం కావాల్సినవాళ్ల జాబితా ఉందా? వాళ్లలో ఎవరిని ఎవరు తీసుకొస్తారో పేర్లు రాశారా?

ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఊరుకోకండి. సచివాలయంలో కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. గ్రామసభలో లేచి అడగండి, తీర్మానంలో రాయించండి. తుపాను సమయంలో సాయానికి 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్‌కి 1070 నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

వెళ్లేటప్పుడు మీ ఇంట్లో మామ్మనో తాతయ్యనో కూడా తీసుకెళ్లండి. మెట్లు ఎక్కించండి, హాలు చూపించండి, కాసేపు కూర్చోబెట్టండి. మా మామ్మ ఇప్పుడు అక్కడి కంటి శిబిరానికి తనంతట తానే నడిచి వెళ్లొస్తోంది.